సగం ముడి

ఆమెకున్న భయాలన్నిటిలోకీ పెద్దది ఎత్తు కాదు. కొండ అంచున నిలబడి కిందికి చూసినా ఆమెకు కళ్ళు తిరగవు. రాతి సందులోంచి పాము తొంగిచూస్తే, అది పోయేదాకా ఊపిరి బిగబట్టి ఆగి, మళ్ళీ అదే సందులో చెయ్యి పెట్టగలదు. ఆమె భయమల్లా ఒక్కటే. తాను పైన రాతికి అతుక్కుని ఉన్నప్పుడు కింద తన తాడును ఎవరూ పట్టుకుని ఉండరేమోనని. పట్టుకున్నట్టు నిలబడి మాత్రం ఉంటారేమోనని.

ఆ భయం తాడు ఉతికే రోజున బాగా ముదిరేది. తాడు ఉతకడమంటే బట్టలు ఉతికినట్టు కాదు. బాదకూడదు, పిండకూడదు, ఎండలో ఆరెయ్యకూడదు. పాపకు స్నానం చేయించే పసుపు ప్లాస్టిక్ తొట్టిలోనే గోరువెచ్చని నీళ్ళు పోసి, ఘాటులేని సబ్బు కలిపి, ఈ కొస నుంచి ఆ కొస దాకా తాడును వేళ్ళ మధ్య నుంచి జారవిడుస్తూ పోవాలి. ఎక్కడైనా మెత్తగా తగిలితే లోపలి పోగులు తెగినట్టు. తాడు పొడవునా ఆమె వేళ్ళు నడిచేవి. పాప తొట్టి అంచు పట్టుకుని నీళ్ళు తపతపలాడిస్తుంటే, ఆమె "ఇది మంచిది, ఇది కూడా మంచిది" అని పాటలా అంటూ ఉండేది. నీళ్ళు నల్లగా అయిపోయేవి. ఆమె అరచేతులు అంతకన్నా నల్లగా అయ్యేవి. మొగుడు వ్యాను తలుపు దగ్గర కాళ్ళు చాపుకుని, తాను కొండెక్కిన వీడియోలు కత్తిరించుకుంటూ, తల ఎత్తకుండానే అనేవాడు: "సరిగ్గా చూడు. ఒక్కచోట మెత్తబడ్డా నా ప్రాణం పోతుంది."

ఆ తాడుకే ఆమె కూడా వేలాడుతుందన్న సంగతి ఆ మాటలో ఎక్కడా ఉండేది కాదు. మొదట్లో ఆమెకూ అది తట్టలేదు.

వాళ్ళ ఇల్లు ఒక బూడిదరంగు వ్యాను. వెనక మంచం, మంచం కింద తాళ్ళూ క్లిప్పులూ, పక్కన ఒంటి పొయ్యి, పొయ్యి మీద అరలో పాప పాలసీసాలు, కిటికీకి ఆమె పాత దుప్పటి కత్తిరించి కుట్టిన నీలం తెర. స్నేహితులు అతన్ని బల్లి అని పిలుస్తారు. ఏ గోడకైనా అతుక్కుంటాడని. ఏడాదిలో ఎండగా ఉన్న నెలలన్నీ ఒక కొండ నుంచి ఇంకో కొండకు తిరగడం, వానలు పడగానే పట్నంలోని ఎక్కుడు హాలుకు చేరి కొత్తవాళ్ళకు నేర్పడం. ఎక్కుడు హాలంటే, కప్పు దాకా రంగురంగుల పట్టులు బిగించిన గోడలుండే పెద్ద షెడ్డు. అతన్నడిగితే, "మా జీవితమంతా కొండలే" అంటాడు. నిజమే, అతనికి కొండలే. ఒక కొండకూ ఇంకో కొండకూ మధ్య ఉన్నదంతా ఆమెది. ఏ పెట్రోలు బంకులో బాత్రూము శుభ్రంగా ఉంటుందో, ఏ ఊళ్ళో గ్యాసు నింపుతారో, పాప టీకా రోజుకి ఏ ఆసుపత్రి దగ్గరలో ఉంటుందో, తడి బట్టలు వ్యాను వెనక తలుపుకు కట్టుకుని పోతే ఎంత దూరానికి ఆరతాయో. ఇదంతా ఆమె బుర్రలో ఉండేది. అతను మాత్రం మధ్యదారిని దారి అనేవాడు కూడా కాదు. "నిద్రపోయాను, లేచాను, కొండ వచ్చింది" అని నవ్వేవాడు. బండి నడిపింది ఎవరో అడిగేవాళ్ళు ఉండాలిగా.

అత్తగారు వారానికోసారి ఫోన్ చేసేది. ఫోన్ స్పీకరులో ఉంటుందని ఆవిడకు తెలియదో, తెలిసే మాట్లాడేదో.

"మా పక్కింటావిడ అడిగిందిరా, మీవాడు కొండలెక్కుతాడు సరే, కోడలేం చేస్తుందీ అని."

"ఏం చెప్పావు?"

"ఏం చెప్తాను? కింద నిలబడుతుంది అన్నాను."

అతను పగలబడి నవ్వాడు. నవ్వుతూనే ఆమె వైపు చూసి కన్ను కొట్టాడు, నువ్వూ నవ్వాలి అన్నట్టు. ఆమె నవ్వింది. పొద్దుటి నుంచి అతని తాడు పట్టుకుని, తల వెనక్కి వాల్చి వాల్చి మెడ పట్టేసి ఉంది. అతను పట్టు జారినప్పుడల్లా తాడు లాగే విసురుకు ఆమె గాల్లోకి లేచి రాతికి కొట్టుకుంటే మోకాలు చెక్కుకుపోయింది. నవ్వడానికి మెడ అడ్డం రాలేదు మరి.

"ఇంకోటిరా, మొగుణ్ణి నువ్వు నువ్వు అంటుందేమిటి? ఏమండీ అనడానికి నోరు నొప్పా?"

"అత్తయ్యా, పైనుంచి జారుతూ 'ఏమండీ, కాస్త తాడు బిగిస్తారా' అనేలోగా నేను కిందికొచ్చేస్తానండీ" అంది ఆమె. దానికి మాత్రం అత్తగారు కూడా కిసుక్కుమంది.

పెళ్ళికి ముందు, డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా ఆమె ఆ ఎక్కుడు హాలుకు వెళ్ళింది, స్నేహితురాళ్ళతో, సరదాకు. నేర్పేవాడు అతనే. గోడ ముందు అందరినీ నిలబెట్టి ముడి వెయ్యడం చూపించాడు. తాడులో ఎనిమిది అంకె ఆకారంలో ఒక ముడి వేసి, కొసను నడుం పట్టీలోంచి దూర్చి, మళ్ళీ ఆ ఎనిమిది వెంబడే కొసను వెనక్కి నడిపించాలి. అప్పుడే ముడి పూర్తయినట్టు. ప్రతి వంపులోనూ రెండు తాళ్ళు జంటగా, పక్కపక్కన కనబడాలి. సగంలో వదిలేసినా దూరం నుంచి ముడిలాగే ఉంటుంది. బరువు పడితే మాత్రం పాములా జారిపోతుంది. "అనుభవం ఉన్నవాళ్ళే ఈ తప్పు చేస్తారు" అన్నాడతను. "ముడి వేస్తుండగా ఎవరో పలకరిస్తారు, ఫోన్ మోగుతుంది, మళ్ళీ చూసేసరికి వేసేశాం అనుకుంటారు. అందుకే మన దగ్గర ఒక పద్ధతి ఉంది. నేల విడిచే ముందు తాడు పట్టేవాళ్ళు ఎక్కేవాళ్ళ ముడిని చూడాలి. కంటితో చూసి, చేత్తో తాకి, అప్పుడు 'చూశాను' అనాలి. ఆ మాట వినకుండా ఎవరూ కాలు ఎత్తకూడదు."

ఆ రోజు అతను ఆమె ముందుకు వచ్చి, నడుం దగ్గరి ముడిని రెండు వేళ్ళతో పట్టి ఒకసారి లాగి చూసి, "చూశాను. నువ్వు పడవు" అన్నాడు. ఆ మాటకు ఆమె గుండెలో ఏదో కుదురుకుంది. పుట్టింట్లో నలుగురు పిల్లల్లో మూడోది ఆమె. అన్నం తిన్నావా అని అడిగినవాళ్ళున్నారు, మార్కులెన్ని అని అడిగినవాళ్ళున్నారు. దగ్గరికొచ్చి, తాకి చూసి, నువ్వు పడవు అని చెప్పినవాళ్ళు లేరు. ఆ ఒక్క మాటకు ఆమె చదువు వదిలేసిందంటే వినేవాళ్ళకు వింతగా ఉండొచ్చు. పరీక్షలయ్యాక వెళ్దామంది. "చదువు ఎక్కడికీ పోదు. సీజన్ పోతుంది" అన్నాడతను. ఆమెకు అది తెలివైన మాటలాగే వినిపించింది. మళ్ళీ సీజన్లు ఎన్నో వచ్చాయి. ఎక్కడికీ పోనన్న చదువే ఎటు పోయిందో తెలియలేదు.

పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ సమంగా ఎక్కేవాళ్ళు. పాప పుట్టాక ఆమె వంతు మెల్లమెల్లగా సాయంత్రానికి జరిగింది. పొద్దుటి నుంచీ అతను ఎక్కుతాడు, ఆమె తాడు పట్టుకుంటుంది. పక్కన చాప మీద పాప ఉంటుంది. ఏడిస్తే ఉయ్యాల ఊపినట్టు కాలితో చాపను మెల్లగా కదుపుతూ, రెండు చేతులూ తాడు మీదే ఉంచుతుంది. ఏ పరిస్థితిలోనూ కింది చెయ్యి తాడు వదలకూడదు. ముక్కు దురద పెట్టినా, పాలు కారి చొక్కా తడిసినా సరే. అతను ఎక్కినప్పుడు రాతిలోని కొక్కేలకు క్లిప్పులు తగిలించి, వాటిలోంచి తాడు దూరుస్తూ పోతాడు. చీకటి పడే ముందు ఎవరో ఒకరు ఎక్కి వాటిని ఏరుకుని రావాలి. అది ఆమె వంతు. "నీకూ ఎక్కే ఛాన్సు వస్తుందిగా" అంటాడతను. భోజనాలయి అందరూ లేచాక విస్తళ్ళు తీసేవాళ్ళతో, నీకూ పంక్తిలో తిరిగే అవకాశం వచ్చిందిగా అన్నట్టు. అయినా ఆమెకు ఆ కాసేపు ఇష్టంగానే ఉండేది. రాయి ఇంకా వెచ్చగా ఉండేది. పాప ఏడుపు కింద చిన్నదైపోయేది. తన చేతులు తన కోసం పనిచేసేవి.

అలాంటి ఒక సాయంత్రం ఆమె ముడి వేస్తుండగా పాప చాప మీంచి పాకి రాళ్ళ వైపు వెళ్ళింది. ఆమె పరుగెత్తి పట్టుకొచ్చి, నోట్లోని మట్టి వేలితో తీసి, చేతికి బొమ్మ ఇచ్చి, తిరిగి రాతి దగ్గరికి వచ్చింది. "చూశావా?" అంది. "ఊ, ఎక్కు" అన్నాడతను. ఆమె ఎక్కింది. ఒక మనిషి ఎత్తు, ఇద్దరు మనుషుల ఎత్తు, ఇంకా పైకి. మొదటి క్లిప్పు తీసి నడుముకు తగిలించుకుంటూ కిందికి చూస్తే నడుం దగ్గర తాడు ఒంటరిగా ఉంది. జంట లేదు. కొస నడుం పట్టీలోంచి బయటికొచ్చి, అమాయకంగా, అరచెయ్యంత పొడవున ఊగుతోంది.

ఆమె కాళ్ళు కుట్టు మిషనులా ఆడాయి. అరవలేదు. అరిస్తే అతను తాడు లాగుతాడేమో, లాగితే కొస ఊడిపోతుందేమో. ఎడమ చేత్తో రాతిని కరుచుకుని, కుడి చేత్తోనూ పళ్ళతోనూ ఆ కొసను ఎనిమిది వెంబడి వెనక్కి నడిపించింది. ఆ కాసేపట్లో ఆమె దేవుణ్ణి తలుచుకోలేదు, మొగుణ్ణి తలుచుకోలేదు. పాప నోట్లోంచి మట్టంతా తీశానా లేదా అని మాత్రం అనుకుంది. ముడి పూర్తయ్యాక, క్లిప్పులన్నీ ఏరుకుని, కిందికి దిగి, పాపను ఎత్తుకుని వ్యాను వెనక్కి వెళ్ళి వాంతి చేసుకుంది.

కూర తాలింపు పెడుతూ అతనికి చెప్పింది. అతను ఫోన్ మీంచి కళ్ళు తిప్పి, "నీ ముడి నువ్వు చూసుకోలేదా? చిన్నపిల్లవా?" అన్నాడు. కాసేపాగి, "ఏం కాలేదుగా" అన్నాడు. మర్నాడు తల్లితో ఫోన్లో చెబుతుంటే వింది: "పాప పుట్టాక దీనికి మతిమరుపు ఎక్కువైందమ్మా. ఏదో ఒకరోజు ముడి కట్టుకోకుండానే ఎక్కేస్తుంది." అవతల అత్తగారు, "జాగ్రత్తగా ఉండమను. నీ తాడు కూడా దాని చేతిలోనే ఉందిగా" అంది. ఆమె పాలసీసా తోముతూ ఆ మాట రెండుసార్లు మనసులో తిప్పుకుంది. వాళ్ళకు భయం వేసింది ఎవరి గురించి?

ఆ రోజు నుంచి ఆమెకు అనుమానం పట్టుకుంది. అనుమానమంటే ఇంట్లో తేలు కనబడి తప్పించుకున్నట్టు. ఆ తర్వాత ఏ మూల చెయ్యి పెట్టాలన్నా జంకే. ఆమె అతన్ని కళ్ళల్లో వత్తులేసుకుని చూడడం మొదలుపెట్టింది. "చూశాను" అన్నప్పుడు అతని కళ్ళు ఎక్కడున్నాయి? ఒకసారి పాప మీద, ఒకసారి కొండ మీద, చాలాసార్లు ఫోన్ మీద. పైకి ఎక్కుతుంటే తాడు బిగుతుగా వెంట రావాలి. అది మోకాళ్ళ దాకా వదులుగా వేలాడుతోంది. ఎందుకు? పైనుంచి తొంగిచూస్తే అతను నిలబడే ఉన్నాడు, తల పైకే ఉంది. కానీ పక్కనున్నవాళ్ళతో చేతులు తిప్పుతూ తన కొత్త దారి గురించి చెబుతున్నాడు. రెండు చేతులూ తిప్పుతూ. "తాడు వదిలేశావేం?" అని దిగాక అడిగితే, నడుముకున్న పరికరాన్ని తట్టి చూపించాడు. "ఇది దానంతటదే పట్టుకుంటుందిలే. ఈ రోజుల్లో చెయ్యి అక్కర్లేదు." మరి అతను ఎక్కినప్పుడు ఆమె అదే పరికరంతో పట్టుకుంటుందిగా. అప్పుడు ముక్కు గోక్కుంటేనే పైనుంచి కేకలు వస్తాయిగా.

తనదే తప్పేమో అనీ అనుకునేది. మనిషి అలిసిపోయి ఉంటాడు, పొద్దుటి నుంచి ఎక్కుతున్నాడు. తాను మాత్రం ఊరికే నిలబడింది కదా. ఇలా తనకు తాను సర్దిచెప్పుకుంటుండగానే ఒక సాయంత్రం, అన్నం కంచం అందిస్తూ, అతని అరచెయ్యి చూసింది. తాడు జారుతుంటే చెయ్యి నల్లబడుతుంది. కాసేపు పట్టుకున్నా చాలు, మసి అంటుకున్నట్టు అంటుతుంది. ఆమె చేతులు అప్పటికి ఎన్నాళ్ళ నుంచో నల్లగానే ఉన్నాయి. సబ్బుకు పోవు, నిమ్మచెక్కకు పోవు. పాప బుగ్గ తుడవాలంటే చెయ్యి తిరగేసి తుడుస్తుంది. అతను ఇప్పుడే ఆమెను పై నుంచి కింది దాకా దింపానన్నాడు. అతని అరచెయ్యి, ఎక్కేటప్పుడు పట్టు జారకుండా పూసుకున్న సుద్దతో, పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. తెల్లగా.

ఆమె కంచం అందించి, తన చేతులు చున్నీలో దాచుకుంది, దొంగతనం తాను చేసినట్టు.

వానలు పడ్డాయి. వ్యాను తెచ్చి ఎక్కుడు హాలు వెనక పెట్టుకున్నారు. హాలులో అద్దె షూలు ఇచ్చే కౌంటరు దగ్గర ఒక అమ్మాయి కొత్తగా చేరింది. అందరూ షూల పిల్ల అంటారు. పందొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. చెమట కంపు కొట్టే షూలలో స్ప్రే కొడుతూ, పుస్తకం ఒకటి బల్ల కింద దాచుకుని చదువుకునేది. పాపను ఎత్తుకోవడానికి వ్యాను దగ్గరికి వచ్చేది. "అక్కా, నువ్వు కొండల మీదే ఉంటావట! ఎంత అదృష్టమక్కా!" అనేది. అదృష్టం అప్పుడు పాప గుడ్డలు ఉతుకుతోంది. చేతులకు సబ్బు నురగ.

ఒక మధ్యాహ్నం ఆమె పాపను చంకనేసుకుని హాలులోకి వెళ్ళింది. గోడ ముందు అతను షూల పిల్లకు నేర్పుతున్నాడు. వంగి, ఆ పిల్ల నడుం దగ్గర ముడిని రెండు వేళ్ళతో లాగి చూసి, "చూశాను. నువ్వు పడవు" అన్నాడు. అవే వేళ్ళు, అదే మాట, అదే గొంతు. ఆ పిల్ల ముఖం వెలిగింది. ఎలా వెలిగిందో ఆమెకు బాగా తెలుసు. అలా వెలిగిన ముఖం ఒకప్పుడు తన దగ్గరా ఉండేది.

చూసినవాళ్ళు ఏమనుకుంటారో ఆమెకు తెలుసు. అత్తగారు కూడా అదే అనుకుంది. వానలు తగ్గి, మొదటి ట్రిప్పుకు ఆ పిల్ల కూడా వస్తోందని తెలిసి, ఆమెను విడిగా ఫోన్‌కు పిలిచింది. "ఆ పిల్లనెందుకే వెంటేసుకెళ్తున్నారు?"

"పాపను చూసుకోవడానికట అత్తయ్యా."

"నీకు కళ్ళు లేవా?"

"ఉన్నాయత్తయ్యా. చూస్తూనే ఉన్నాను."

"చూడు మరి. మగాడి మీద ఒక కన్నేసి ఉంచాలి" అంది అత్తగారు, జీవితంలో మొదటిసారి ఆమె పక్షాన ఉన్నట్టు. ఎలా చెప్పాలి ఆవిడకు? అతని చెయ్యి ఆ పిల్ల మీద పడిందేమోనని కాదు ఆమె చూస్తున్నది. ఆ చెయ్యి తాడు మీద ఉందా లేదా అని. పక్కలోంచి మొగుడు ఎటు పోయాడో కనిపెట్టే దారులు లోకంలో చాలా ఉన్నాయి, సలహాలిచ్చేవాళ్ళూ ఉన్నారు. ఎదురుగా నిలబడి ఉన్నవాడు ఎటు పోయాడో ఎవరినడగాలి?

దారిలో ఒకచోట టీకి ఆగినప్పుడు ఆమె ఆ పిల్లను అడిగింది. "నీ ముడి రోజూ చూస్తాడా?"

"మొదట్లో చూసేవాడక్కా. ఇప్పుడు చూడక్కర్లేదంటాడు." ఆ పిల్ల సిగ్గుపడుతూ నవ్వింది. "నా మీద నమ్మకం కుదిరిందట."

ఆమె చేతిలో టీ గ్లాసు చల్లారిపోయింది. తనను చూడడం మానేసిన రోజున తాను కూడా అదే అనుకుంది కదా, నమ్మకం కుదిరిందని. పైగా గర్వపడింది కూడా.

కొండ చేరిన మర్నాడు సాయంత్రం. అతను పొద్దుటి నుంచీ ఒకే దారి మీద పట్టుబట్టి, చివరికి ఎక్కేశాడు. కిందికి దిగొచ్చినా మనిషి ఆనందంతో గాల్లో తేలుతున్నాడు. క్లిప్పులు పైనే ఉన్నాయి. "నీ వంతు" అన్నాడు. పాప షూల పిల్ల ఒళ్ళో ఉంది. ఎవరూ ఏడవడం లేదు, ఎవరూ పిలవడం లేదు. ఆమె తాడు కొస అందుకుంది. ఎనిమిది వేసింది. కొసను నడుం పట్టీలోంచి దూర్చింది. అక్కడ ఆపేసింది.

ఒక్క పూట అతను చూస్తే చాలు అనుకుంది. ఒక్కసారి వంగి, ఇదేమిటి, సగమే కట్టుకున్నావేం అని తిడితే చాలు. తిట్టినా పర్వాలేదు. చెయ్యెత్తినా పర్వాలేదు అని కూడా ఒక క్షణం అనిపించి, ఆ ఆలోచనకు తనకే ఒళ్ళు జలదరించింది. ఇంత కిందికి దిగిపోయానా అని. కొండ ఎక్కకుండానే.

అతనికి ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా నిలబడింది. ముడి ఇద్దరి మధ్యా ఉంది.

"చూశావా?"

అతను ముడి వైపు చూశాడు. తల దించి, సరిగ్గా అటే చూశాడు. అదే ఆమె ఎన్నటికీ మర్చిపోలేనిది. కళ్ళు ముడి మీద ఉన్నాయి, ఆ కళ్ళలో తాను ఇప్పుడే ఎక్కిన దారి ఉంది.

"చూశాను" అన్నాడు. "నువ్వు పడవులే. తొందరగా ఎక్కు, వెలుతురు పోతోంది."

ఆమె ఒక కాలు రాతి మీద పెట్టింది. రాయి వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉండి, కాలు దించేసింది. వెనక్కి తిరిగి, రెండు వేళ్ళతో ముడి పట్టుకుని లాగింది. తాడు ఏ అడ్డూ లేకుండా నడుం పట్టీలోంచి జారి అతని పాదాల మీద పడింది.

అతను దాని వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు. రక్తం దిగిపోయి ముఖం పాలిపోయింది. ఒక్క క్షణం ఆమెకు ఆశ పుట్టింది. ఆ క్షణం దాటగానే అతని ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది.

"నన్ను పరీక్షిస్తున్నావా?"

"ఊ."

"ఎక్కి ఉంటే? పడి ఉంటే నా పేరు ఏమై ఉండేది? ఎంత అనుమానపు మనిషివే నువ్వు!"

షూల పిల్ల పాపను గుండెకు హత్తుకుని నోరు తెరుచుకుని చూస్తోంది. ఆమె నడుం పట్టీ విప్పి, మడిచి, తాడు పక్కన పెట్టింది. పాపను తీసుకుంది. వ్యానులోంచి పాప గుడ్డల సంచి, పాలసీసాలు, తన సర్టిఫికెట్లున్న ప్లాస్టిక్ కవరు తీసుకుంది. తొట్టి పెద్దది, మొయ్యలేక వదిలేసింది.

"ఎక్కడికి? ఏయ్, క్లిప్పులు పైనే ఉన్నాయి!" అన్నాడతను.

అతను ఇంకేమన్నా అంటాడేమోనని ఆమె ఆగింది. అదే అన్నాడు, మళ్ళీ. క్లిప్పులు పైనే ఉన్నాయని.

"నువ్వు పెట్టినవే కదా" అంది ఆమె.

షూల పిల్ల దారి దాకా వెంట వచ్చింది, కళ్ళనీళ్ళతో. "నావల్లనా అక్కా?" అంది. ఆమె ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. అరచెయ్యి అప్పుడే నల్లబడడం మొదలైంది. "నీవల్ల కాదు. నాతో వచ్చెయ్యి" అంది. ఆ పిల్ల వెనక్కి చూసింది, కొండ వైపు. వెలుతురు కొండ మీద ఇంకా ఉంది. "ఆయనొక్కడూ ఎలా ఉంటాడక్కా? తాడు ఎవరు పట్టుకుంటారు?" అంది. అదే ప్రశ్న ఒకప్పుడు తనను కూడా ఆపింది కాబట్టి ఆమె వాదించలేదు. "అయితే ఒకటి గుర్తుపెట్టుకో. ప్రతి వంపులోనూ రెండు తాళ్ళు కనబడాలి. నీ ముడి నువ్వే చూసుకో. ఇంకొకరికి కూడా చూపించు. ఆయనకు కాదు" అంది. ఆ పిల్ల తలూపింది. ఆ తలూపడం ఎలాంటిదో ఆమెకు తెలుసు. అక్క కోపంలో ఉందిలే అని ఊపే ఊపు అది.

ఇప్పుడామె ఒక పిల్లల బడిలో ఆయాగా చేస్తోంది. పాప కూడా అక్కడే ఆడుకుంటుంది. అద్దె గది చిన్నది, కానీ కదలదు. పొద్దున్న లేచేసరికి నిన్న ఉన్న చోటే ఉంటుంది, అదే పెద్ద వింత ఆమెకు. ఆదివారాలు డిగ్రీ పుస్తకాలు తీస్తుంది. అరచేతుల నలుపు చాలా వరకు పోయింది, గీతల్లో మాత్రం మిగిలింది. అత్తగారు ఒకసారి ఫోన్ చేసి, "అనుమానంతో సంసారం కూల్చుకున్నావు" అంది. ఆవిడ ఫోన్ పెట్టేయలేదు. గొంతు తగ్గించి, "ఏమే, వాడు నిజంగా చూడలేదా?" అని అడిగింది. "చూశాడత్తయ్యా. చూశానని చెప్పాడు కూడా" అంది ఆమె.

షూల పిల్లకు మాత్రం ఆమె అప్పుడప్పుడూ ఫోన్ చేస్తూనే ఉంది. మొదట్లో ఎత్తేది. "బాగున్నానక్కా. ఇప్పుడు సాయంత్రాలు క్లిప్పులు నేనే ఏరుతున్నా. నాకూ ఎక్కే ఛాన్సు వస్తోంది" అంది ఒకసారి. ఆ తర్వాత ఎత్తడం లేదు. కొండల్లో సిగ్నల్ ఉండదు, నిజమే. అన్ని అనుమానాలకూ ఇలాంటి ఒక మంచి కారణం దొరుకుతూనే ఉంటుంది.

అందుకని మిమ్మల్ని ఒకటి అడగాలి. మీరు ఎప్పుడైనా ఏ కొండల వైపైనా వెళ్తే, కింద ఒక బూడిదరంగు వ్యాను ఆగి ఉంటే, దాని కిటికీకి పాత దుప్పటితో కుట్టిన నీలం తెర, వెనక తలుపుకు కట్టిన పసుపు తొట్టి కనబడితే, ఒక్క నిమిషం బండి ఆపండి. ఎండ తగ్గే వేళ ఒక పిల్ల రాతి ముందు నిలబడి తాడు కట్టుకుంటూ ఉంటుంది. దగ్గరికి వెళ్ళండి. ఏమైనా అనుకుంటారేమోనని మొహమాటపడకండి. పక్కనున్న మనిషి నవ్వుతూ, చాలా మర్యాదగా, నేను చూశానండీ అంటాడు. ఆ మాట వినకండి. ఆ పిల్ల నడుం దగ్గరికి వంగి, తాళ్ళు రెండు ఉన్నాయో లేదో, మీరే చూడండి.